సవారీలు ఎన్ని?

ముందుగా ప్రమాణం. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నాంపల్లి స్టేషను ముందు నిలబడి, తూర్పుకు తిరిగి, వేడి చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని చెబుతున్నాను: ఇందులో అబద్ధం ఉంటే ఈ జన్మలో నాకు వేడి చాయ్ దొరక్కుండా పోవుగాక. ఇంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలియదు. నా మాట నమ్మనివాళ్లు ఆబిడ్స్‌లో కొందరున్నారు, గన్‌ఫౌండ్రీలో ఇంకొందరున్నారు, మా ఇంట్లో అందరూ ఉన్నారు. అందుకే ఇంత గట్టి ఒట్టు.

నాకింకా తల పూర్తిగా నెరవలేదు. అప్పుడే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని అడగవచ్చు మీరు. నేను ఉద్యోగాన్ని వదల్లేదు తమ్ముళ్లూ, ఉద్యోగమే నన్ను వదిలింది. మా దఫ్తరు మూతపడింది. అది ఎంత చిన్న దఫ్తరంటే, మూతపడిన సంగతి కూడా వారం దాకా ఎవరికీ తెలియలేదు. నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరంలో, ఒక కిరాయి ఇంటి మేడమీద నాలుగు గదులు. రైలు కూత వేస్తే మా సిరాబుడ్లు వణికేవి.

మా పని చెప్పుకుంటే చిన్నది. జనాభా లెక్కలు జరిగిన ఆ రోజుల్లో, మెదక్ దిక్కు ఊళ్లకు విడిగా ఒక కాగితం పంపేవాళ్లం. జనం ఎంతమంది, ఇళ్లెన్ని, సడక్ ఎంత దూరం, రావడానికీ పోవడానికీ ఏమున్నాయి అని. ఊరి పటేళ్లు నింపి పంపేవారు. మేం కూడి, తప్పులు దిద్ది, కొత్త తప్పులు చేర్చి, మంచి దస్తూరీతో సాహెబుగారి బల్ల మీద పెట్టేవాళ్లం. ఒక ఊరి బతుకంతా మా దగ్గర ఒక్క వరసలో పట్టేది. పట్టనిది ఊళ్లోనే ఉండిపోయేది.

మా గదికి పెద్ద మున్షీగారు. చాదర్‌ఘాట్ మనిషి, పాతకాలపు హైదరాబాదీ కుటుంబం. ఇంట్లో తెలుగు, దఫ్తరులో ఉర్దూ, కోపమొస్తే ఫార్సీ. మండు వేసవిలో కూడా షేర్వానీకి మెడదాకా గుండీలన్నీ పెట్టుకునేవారు. ఒక్క గుండీ ఊడినా లోపలున్న మర్యాద బయటికి పోతుందని భయమేమో. కలం చెక్కడం, పాన్ చుట్టడం, సాహెబు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే కునుకును దీర్ఘాలోచనగా మార్చుకోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మూడోదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆ కాగితం ఉర్దూలో ఉండేది. ఊళ్లవాళ్ల కోసం కింద తెలుగు రాసే బాధ్యత మాది. అన్నీ కుదిరాయి కానీ, రావడానికీ పోవడానికీ ఏమున్నాయన్న గడి దగ్గర పేచీ వచ్చింది. నేను “బండ్లు” అని రాద్దామన్నాను.

“బండ్లా?” మున్షీగారు కళ్లద్దాల మీదినుంచి చూశారు. “రైలు గూడ బండే. కట్టెలు మోసేది గూడ బండే. బండ్లెన్ని అంటే, ఇంట్లున్న రోకలిబండ గూడ రాసి పంపుతరు. పల్లెటూరోళ్లతోని జర పైలం, బేటా.”

“మరేం రాద్దాం?”

“సవారీ.”

ఆ మాటను ఆయన అత్తరు సీసా మూత తీసినట్టు అన్నారు. “మనిషి ఎక్కి పోయేది ఏదైనా సవారీనే. గుర్రం, కచ్చరం, మేనా, సైకిలు, మోటరు. ఒక్క మాటల అన్నీ ఒచ్చినయ్. నవాబుకైనా సవారీనే, నౌకరుకైనా సవారీనే. చూడు, ఎంత నాజూకుగ ఉన్నదో.”

నాజూకుగానే ఉంది. ‘మీ ఊళ్లో సవారీలు ఎన్ని?’ అని రాసి ఊరూరికీ పంపాం.

జవాబులు రాసాగాయి. ఒక ఊరు రెండంది, ఒక ఊరు అయిదంది, ఒక ఊరు ‘దొరగారి గుర్రం ఒకటి, కుంటిది’ అంది. ఇంతలో సడక్‌కు రెండు కోసుల లోపల ఉన్న ఒక ఊరినుంచి జవాబొచ్చింది. ఇళ్లు చూస్తే నూరు లేవు. సవారీలు మూడు వందల చిల్లర.

నేను ఆ అంకెను రెండుసార్లు తుడిచి చూశాను, ఈగ గానీ వాలిందేమోనని. వాలలేదు. మున్షీగారికి చూపించాను. ఆయన గడ్డం నిమురుకుని, “కష్టపడే ఊరు,” అన్నారు.

సాహెబుగారి ఆనందం చెప్పతరం కాదు. ఇంటికి మూడు సవారీలున్న ఊరు మొత్తం రాజ్యంలో ఎక్కడుంది? తక్కిన ఊళ్లు దీన్ని చూసి నేర్చుకోవాలని పై అధికారుల ముందు గట్టిగా చెప్పొచ్చారు. పటం గీసే మా దోస్తుకు మాత్రం ఒకటే ఫికర్: “ఇన్ని సవారీలు ఒక్కసారి బయటికొస్తే ఆ గల్లీలల్ల ఎట్ల మర్లుతయిరా?”

సరిగ్గా ఆ రోజుల్లోనే బస్సులవాళ్లు సడక్ దిగి ఊళ్లలోకి కూడా బస్సులు పంపాలనుకున్నారు. సొంత సవారీ లేని ఊళ్లకు ముందు పంపుతాం, అవేవో చెప్పండి అని మమ్మల్ని అడిగారు. మా లెక్కలు పంపాం. ఆ ఊరి ఎదురుగా వాళ్లు రాసిన మాట నాకిప్పటికీ కంఠతా వచ్చు: ‘ఈ ఊరికి బస్సు అక్కరలేదు. మా దగ్గర ఉన్నవాటికన్నా వాళ్ల దగ్గరే ఎక్కువున్నాయి. వీలైతే వాళ్లే మాకు కొన్ని కిరాయికి ఇస్తారేమో కనుక్కోగలరు.’

నెల తిరక్కుండా ఒక పొద్దున మా మెట్లు కిరకిరలాడాయి. ముందు తెల్లచీర కట్టుకున్న ఒక నర్సమ్మ, వెనక ఆ ఊరి పటేలు. నర్సమ్మది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. ఆ ఊళ్లో మిషనువారి చిన్న దవాఖాన నడుపుతోంది. బక్కపలచని మనిషి. పటేలు ఆమెకు ఏడింతలుంటాడు, మీసాలు కలిపితే ఎనిమిదింతలు. అంత మనిషీ ఆమె వెనక దాక్కున్నట్టు నిలబడ్డాడు.

“మా ఊరికి బస్సెందుకు రద్దు చేసిన్రు?” అంది నర్సమ్మ, కూర్చోకుండానే.

మున్షీగారు కుర్చీ చూపించి, “మీ ఊర్ల సవారీలు మస్తుగున్నయి కదా అమ్మా,” అన్నారు.

“ఎక్కడున్నయయ్యా? ఊరంతటికి రెండు కచ్చరాలు. ఒకదాని ఇరుసు ఇరిగింది, ఇంకోదాని ఎద్దు ముసలిది. కాన్పు కష్టమైన ఆడమనిషిని మంచం మీద పండబెట్టి సడక్ దాంక మోసుకపోతున్నం. మా డాక్టరమ్మ వారానికొకపారి రావాల్నంటే బస్సుండాలె. బస్సు లేకపోతే దవాఖాన ఎత్తేసి సడక్ మీది ఊరికి మారుస్తమన్నరు మా పెద్దోళ్లు. ఈ ఎండాకాలం దాంకనే గడువు.”

గదిలో కలాలు ఆగిపోయాయి. మున్షీగారు నావైపు చూశారు. నేను పటేలు వైపు చూశాను. పటేలు పైకప్పు వైపు చూశాడు.

“పటేల్‌సాబ్,” అన్నారు మున్షీగారు మెల్లగా, “మరి మూడొందల సవారీలని నువ్వే గద రాసినవ్?”

“ఔ, నేనే రాసిన.” పటేలుకు తన లెక్క మీద మాట రాగానే ధైర్యం వచ్చింది. “ఇల్లిల్లు తిరిగి రాసిన. అంగడికి పోయేటోళ్లు, దవాఖానకు పోయేటోళ్లు, బిడ్డలింటికి పోయేటోళ్లు. ఒక్కరిని ఇడ్వలే. మంచం పట్టిన ముసలోళ్లను తీసేసిన, ఆళ్లెట్ల కూసుంటరు? కడుపుతోనున్న ఆమెను ఒకటిన్నర రాద్దామనుకున్న గని, గడిల జాగ లేకుండె.”

“అరే భాయ్, సవారీలెన్ని అని అడిగితే మనుషుల్ని లెక్కవెట్టినవా?”

“సవారీలు అంటే మనుషులు గాక పశువులా?”

మున్షీగారు లేచి నిలబడ్డారు. భాష దగ్గర ఆయన ఎవరికీ లొంగరు. “సవారీ అంటే ఎక్కి పోయేది. ఏ చదువుకున్నోన్ని అడుగు, ఏ కితాబ్‌ల చూడు.”

“మా ఊర్ల ఎక్కి కూసున్నోన్నే సవారీ అంటరయ్యా,” అంది నర్సమ్మ.

“మీ ఊర్ల తప్పంటున్నరు.”

“తప్పో ఒప్పో, ఆ తప్పుతోని దవాఖాన పోతున్నది.”

మున్షీగారికి ఫార్సీ వచ్చేట్టుంది. నేను మధ్యలోకి దూరి, ఆబిడ్స్‌లో బస్సులవాళ్ల దఫ్తరుకే పోయి అడుగుదాం అన్నాను. సవారీలతో బతికేవాళ్లు వాళ్లే కదా, మాటకు అర్థం వాళ్లే చెబుతారు. “పదండి. ఆళ్లతోనే చెప్పిస్త,” అని మున్షీగారు టోపీ సర్దుకున్నారు.

స్టేషను ముందు టాంగా మాట్లాడాం. మున్షీగారు ముందెక్కారు, వెనక నర్సమ్మ, ఆమె పక్కన పటేలు. పటేలు కూర్చోగానే టాంగా వెనక్కి వాలి, గుర్రం ముందుకాళ్లు నేలనుంచి లేచాయి. (ఒట్టు వేశానని మరిచిపోకండి. జానెడు లేచాయి.) నేను ఎక్కబోతుంటే టాంగావాలా కొరడా అడ్డం పెట్టాడు.

“ఇగ చాలు. మూడు సవారీలైనయ్. నాలుగో సవారీ ఎక్కితే పోలీసాయన పడ్తడు.”

మున్షీగారు మెడ తిప్పారు. “ఏమంటివి? మూడు సవారీలా? ఉన్నదొక్కటే టాంగా కదా?”

“టాంగా ఒక్కటే, సవారీలు మూడు. ఆ ఎనక కూసున్న పెద్దమనిషిని సచ్చినట్టు రెండు లెక్క వెయ్యాలె, పోనీ అనుకొని ఒకటేసిన.”

“టాంగానే సవారీ కదరా!”

“టాంగా టాంగానే సాబ్. సవారీలు మీరు.”

“నేను సవారీనా?”

“గాకపోతే గుర్రమా?”

గుర్రం కూడా వెనక్కి తిరిగి చూసింది. తమ్ముళ్లూ, మనుషులు నమ్మకపోయినా పర్వాలేదు, ఆ గుర్రం బతికుంటే సాక్ష్యం చెప్పేది. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పటేలు నవ్వితే టాంగా ఊగి పడిపోతామని బిగబట్టుకున్నాడు. మున్షీగారు ముందుకు తిరిగి బిగుసుకుని కూర్చున్నారు. టాంగా కదిలింది. నాలుగో సవారీ అయిన నేను వెనక కమ్మీ పట్టుకుని ఆబిడ్స్ దాకా పరుగెత్తాను. అందుకే ఆయన భుజాలు కదలడం నేను వెనకనుంచే చూశాను. ఏడుస్తున్నారేమోనని గాబరాపడ్డాను. ముందుకురికి చూద్దును కదా, మనిషి నవ్వుతున్నారు. కళ్లవెంట నీళ్లు కారేట్టు, శబ్దం లేకుండా, షేర్వానీ పై గుండీ ఊడిపోయేట్టు నవ్వుతున్నారు.

బస్సులవాళ్ల దఫ్తరుకు పోలేదు. ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది. మున్షీగారు సాసరులో పోసుకుని, తాగకుండా చాలాసేపు ఊదారు.

“ముప్పై ఏండ్ల సంది రోజు టాంగా ఎక్కి దఫ్తరుకొస్తున్న,” అన్నారు. “రోజు చాదర్‌ఘాట్‌ల వాడు ‘ఒక్క సవారీ, ఒక్క సవారీ’ అని ఒర్లుతనే ఉంటడు. నేను పోయి ఎక్కుతనే ఉన్న. ఆ ఒక్క సవారీ నేనే అని నాకు తెల్వదు.”

నర్సమ్మ తన ముందున్న బిస్కెట్ల ప్లేటు ఆయన వైపు జరిపింది.

“అమ్మా,” అన్నారాయన, “గా మాట నేను పెట్టింది. ఈ పోరడు బండ్లు అని రాయమన్నడు, నేనే ఇనలే. మీ దవాఖాన ఎక్కడికీ పోదు. పాండ్రి, సాహెబు దగ్గరికి.”

ఆయన షేర్వానీ అంచు పట్టుకుని లాగాను. పింఛనుకు ఏడాది కూడా లేదు. ఆ ఊరిని సాహెబు ఇప్పటికే పెద్దల ముందు పొగిడొచ్చారు. ఈ సమయంలో పోయి తప్పు మాది అంటే సాహెబు పరువు, మున్షీగారి పింఛను ఒకే నీళ్లలో మునుగుతాయి. “తప్పు పటేలు మీద తోసేస్తే సరిపోతుంది కదండీ,” అన్నాను చెవిలో. పటేలు ఎదురుగా కూర్చుని అమాయకంగా ఆరో బిస్కెట్ తింటున్నాడు.

మున్షీగారు నన్ను చూసిన చూపు ఫార్సీలో ఉంది. తర్జుమా అడగలేదు.

సాహెబు గదిలోకి మేమందరం పోయాం. మున్షీగారు చేతులు కట్టుకుని మొదటినుంచి చివరిదాకా చెప్పారు, గుర్రం మాటతో సహా. సాహెబు ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్లీ ఎర్రబడింది.

“ఆ ఊరి గురించి పెద్దల ముందట చెప్పేసిన మున్షీసాబ్! ఇప్పుడేమని చెప్పాలె? మొన్న చెప్పిన బండ్లన్నీ ఇయ్యాల మనుషులైపోయినయ్ అనాల్నా? పైకి పోయిన అంకె మారదు. ఎట్ల మారుస్త?”

“అంకె మారుడెందుకు హుజూర్?” అన్నారు మున్షీగారు. “అంకె ఉన్నకాడ్నే ఉంటది. కింద ఒక్క చిన్న మాట రాస్త.”

బల్ల మీదికి వంగి, అంకె పక్కన చుక్క పెట్టి, అట్టడుగున తన ముత్యాల్లాంటి దస్తూరీతో ఉర్దూలో ఒక వరస, కింద తెలుగులో ఒక వరస రాశారు. తెలుగు వరస ఇదీ: ‘ఈ ఊరి సవారీలు ఎక్కేవి కావు, ఎక్కేవారు.’

సాహెబు చదివారు. మళ్లీ చదివారు. పటేలు వైపు కింది నుంచి పై దాకా చూశారు, నిజంగానే ఎక్కేవాడా అని. సాహెబు మీసం కింద పెదవి వణికింది. తర్వాత కలం తీసుకుని సంతకం పెట్టారు. “మీరు పింఛను తీస్కునేదాంక ఇంకే మాట కొత్తగ పెట్టకుండ్రి,” అని మాత్రం అన్నారు. మున్షీగారికి పడిన శిక్ష అంతే.

ఆ ఒక్క వరస చేసిన పని చూడండి. మొన్నటిదాకా మూడు వందల బండ్లున్న ఊరు, ఇవాళ మూడు వందల మంది బస్సు కోసం ఎదురుచూసే ఊరైంది. అంకె అదే. బస్సులవాళ్లు ఎగిరి గంతేశారు. ఆ జిల్లాలో మొట్టమొదట మంజూరైన ఊరు అదే. మంజూరు మాట వినగానే మిషనువారు దవాఖాన మార్చే సంగతి మానుకున్నారు. డాక్టరమ్మ బస్సొచ్చేదాకా ఆగకుండా ముసలి ఎద్దు కచ్చరంలోనే రావడం మొదలుపెట్టిందట. ఆ ఎద్దు డాక్టరమ్మ కన్నా నెమ్మదిగా నడిచేది కాబట్టి ఆమె పక్కన నడుస్తూ వచ్చేదట.

బస్సు మాత్రం వెంటనే రాలేదు. యుద్ధం ముదిరి పెట్రోలు కరువైంది. కడకు ఎప్పటికో బొగ్గుతో నడిచే బస్సు వచ్చింది. వెనక ఒక పెద్ద డబ్బా, అందులో బొగ్గుల మంట, ఆ పొగతో ఇంజను నడవాలి. చూడ్డానికి పెళ్లివంట గాడిపొయ్యి చక్రాలు కట్టుకుని బయల్దేరినట్టుండేది.

మొదటి రోజు మమ్మల్ని తీసుకుపోవడానికి పటేలు స్వయంగా నాంపల్లి వచ్చాడు. మున్షీగారు మెడదాకా గుండీలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. కండక్టరు వచ్చి, “సవారీలెందరు?” అని అడిగాడు. మున్షీగారు రొమ్ము విరిచి, “ముగ్గురం!” అన్నారు, బస్సంతా వినపడేలా.

సడక్ దిగాక ఒక గుట్ట ఎత్తు వచ్చింది. బొగ్గు బస్సు దగ్గింది, మూలిగింది, ఆగింది. “సవారీలు దిగుండ్రి, జర తొయ్యాలె,” అన్నాడు కండక్టరు. అందరం దిగి భుజాలు పెట్టాం. మున్షీగారు షేర్వానీ చేతులు పైకి మడిచి, వగరుస్తూ, నావైపు తిరిగి అన్నారు:

“సూసినవా బేటా? ఇప్పుడు నేను గుర్రాన్నే.”

ఎత్తు దాటాక దూరంగా ఊరి మొదట్లో తెల్లచీర కనిపించింది. నర్సమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఊరు ఊరంతా, మూడు వందల చిల్లర సవారీలు.

ఇక ఒట్టు సంగతి. చాయ్ ఇంకా వేడిగానే ఉంది కానీ, తాగబోయి గ్లాసు దించేశాను. ఇందులో ఒకచోట కల్పించాను. ఎక్కడో మీరు కనిపెట్టేశామనుకుంటున్నారు. గుర్రం వెనక్కి తిరిగి చూసిన చోట కాదు, అది చూసింది. కాళ్లు లేచిన చోటా కాదు. ఒకటిన్నర మాట పటేలు అన్నదే, పటేలు అంత బాగా కల్పించడం నా వల్ల కాదు.

ఆ బస్సులో మున్షీగారు లేరు. పింఛను తీసుకున్న మరుసటి వానాకాలంలో, చాదర్‌ఘాట్ ఇంట్లో పోయారు. ఆ కబురు పటేలుకు నేను నాంపల్లిలో బస్సు పక్కన నిలబడి చెప్పాను. పటేలు బస్సెక్కి, తల మీది రుమాలు విప్పి, కిటికీ పక్క జాగాలో పరిచి, దాని పక్కన కూర్చున్నాడు. కండక్టరు సవారీలెందరని అడిగితే, ముగ్గురమన్నది నేను. మూడో ఆయన ఏడని అడిగితే, పటేలు రుమాలు చూపించాడు. బస్సు కిక్కిరిసినా దారి పొడుగునా ఆ జాగాలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

గుట్ట ఎత్తు దగ్గర బస్సు తోస్తూ ఆ గుర్రం మాట అన్నది కూడా నేనే. నాకు తెలియకుండానే ఆయన గొంతు వచ్చింది. పటేలు తోయడం ఆపి వెనక్కి తిరిగి చూశాడు.